ముక్కు మేడం

"ఇవి బాగున్నాయో లేదో చూడు," అంటూ మా ఆయన పాల ప్యాకెట్‌ని నా ముక్కు కిందికి తెచ్చారు.

రాత్రి ఎవరో ఫ్రిజ్‌లో పెట్టడం మర్చిపోయారు. మా ఇంట్లో ఎవరో అంటే నేనే. పాప జడ అల్లుతున్న చేతులు ఆపకుండా తల మాత్రం వంచి వాసన చూశాను.

"బాగానే ఉన్నాయండీ."

ఈ ఇంట్లో నా ముక్కు ఉమ్మడి ఆస్తి. పెళ్ళైన కొత్తలో పక్కింట్లో గ్యాస్ లీకవుతోందని మా వంటింట్లోంచే కనిపెట్టాను. దాంతో మొదలైంది. నిన్నటి కూర తినొచ్చా, ఈ చొక్కా ఇంకో పూట వేసుకోవచ్చా, ఎలుక ఏ గదిలో చచ్చింది, బాత్‌రూమ్ గొట్టం ఎక్కడ పూడుకుంది, అన్నీ నా ముక్కు దగ్గరికే వస్తాయి. అత్తయ్య నన్ను చుట్టాలకి పరిచయం చేసేటప్పుడు నా చదువూ ఉద్యోగమూ చెప్పరు. "మా కోడలికి ఒళ్ళంతా ముక్కే" అంటారు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్వకపోతే దీనికి కోపం కూడా ముక్కు మీదే అని ఇంకో జోకు వేస్తారు. ఇన్నేళ్ళలో వాళ్ళెవరూ ఒక్క గిన్నె మూత తీసి సొంతంగా వాసన చూసిన జ్ఞాపకం నాకు లేదు.

స్టవ్ మీద టీ విరిగింది. గిన్నె నిండా తెల్లటి ముక్కలు తేలాయి. మా ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

"ఇంత కంపు కొడుతుంటే బాగున్నాయంటావేంటి?"

"ధ్యాస ఇంట్లో ఉంటే కదరా," అన్నారు అత్తయ్య హాల్లోంచి.

"ఆఫీసులో ఈ ముక్కుకేనా నీకు జీతమిచ్చేది?" అన్నారు మా ఆయన.

నిజమే. ఈ ముక్కుకే.

ప్యాకెట్ తీసి మళ్ళీ చూశాను. మంచినీళ్ళలా ఉంది. గిన్నెలు తోమే సబ్బు, కాఫీ పొడి డబ్బా, చెత్తబుట్ట వరసగా చూశాను. వంగి పాప తల మీద ముక్కు ఆనించాను. అది పుట్టినప్పటి నుంచీ చీకట్లో కూడా గుర్తుపట్టగలిగిన వాసన.

"ఏంటమ్మా?"

"ఏం లేదు."

జలుబు లేదు, జ్వరం లేదు. వాసన ఎప్పుడు పోయిందో తెలియదు. పొద్దున్నే లేచి ముగ్గురికి టీ, నలుగురికి టిఫిన్, ఇద్దరికి బాక్సులు సర్ది పరిగెత్తే మనిషికి తన ఒంట్లోంచి ఏది పోయిందో చూసుకునే తీరికెక్కడిది?

అప్పుడు ఆఫీసు పని గుర్తొచ్చింది.

మా ఊరి నడిబొడ్డున, పాత బస్ డిపో స్థలంలో, ఒక కంపెనీ చమురు బావులు తవ్వుతానంటోంది. ఒక పరీక్ష బావి ఇప్పటికే తవ్వింది. మిగతా బావులు కూడా తవ్వితే చుట్టుపక్కల జనం ఆరోగ్యం ఏమవుతుందో తేల్చడం మా బృందం పని. గాలిని కొలిచే మెషిన్లున్నాయి కానీ అవి రోజంతటి సగటు చెబుతాయి. బావిలోంచి గ్యాస్ వదిలే కాసేపట్లో వీధిలో మనుషులకి ఎలా ఉంటుందో చెప్పాలంటే మనిషి ముక్కే కావాలి. దానికో శిక్షణ, పరీక్ష, సర్టిఫికెట్ ఉన్నాయి. అవి మా బృందంలో నాకొక్కదానికే ఉన్నాయి. డిపో గోడ వెనక వీధిలో నెలల తరబడి అరుగుల మీద కూర్చుని, వాసన ఎంత ఘాటుగా ఉందో రాస్తూ వచ్చాను. ఆ వీధివాళ్ళు నాకు ముక్కు మేడం అని పేరు పెట్టారు.

మొదట్లో కుళ్ళిన కోడిగుడ్ల కంపు. తలనొప్పులు, కళ్ళ మంటలు, వాంతులు. ఆడవాళ్ళు నా మీదకి కొట్లాటకొచ్చినంత పని చేశారు. పోనుపోను సద్దుమణిగింది. పోయిన నెల వీధి వీధంతా, వాసన పోయింది మేడం, అంది. నాకూ రాలేదు. లేదని రాశాను. మా డైరెక్టర్ మొహం వెలిగిపోయింది. "జనం లేదంటున్నారు, మీ ముక్కు లేదంటోంది. ఇంకేం కావాలి?" అన్నారు. ఇవాళ మధ్యాహ్నం బహిరంగ విచారణ. ఆ ముక్క నేను మైకులో చదివితే అధికారులు అనుమతి మీద సంతకం పెడతారు.

ఆ కుళ్ళిన గుడ్ల గ్యాస్‌ని రోజూ పీలిస్తే ముక్కుకి వాసన తెలియడమే పోతుందని శిక్షణలో చెప్పారు. వాసన పోయిందా, మా ముక్కులు పోయాయా?

మిగిలిన సగం ప్యాకెట్ మూతి మడిచి, రబ్బరు బ్యాండు వేసి, బ్యాగులో పడేసుకున్నాను.

"మరి ఆ గిన్నెలు?" అన్నారు అత్తయ్య.

వినపడనట్టు చెప్పులేసుకున్నాను.

డిపో వెనక వీధిలో మొదటి ఇల్లు టైలరమ్మది. నేను రోజూ కూర్చునేది ఆవిడ అరుగు మీదే.

"రండి ముక్కు మేడం. మీటింగ్ రోజు కూడా వదలరా మమ్మల్ని?"

"కాస్త ఈ పాలు చూసి పెట్టండి. బాగున్నాయా?"

ఆవిడ మిషన్ ఆపి, ప్యాకెట్‌లో ముక్కు పెట్టింది. "శుభ్రంగా ఉన్నాయి. టీ పెట్టమంటారా?"

పక్క వాటాలో ఉండే ఆటో డ్రైవర్ భార్యని పిలిచాను. ఆవిడా వాసన చూసింది. "వీటికేం రోగం? మీకొద్దంటే ఇలా ఇవ్వండి, పెరుగు తోడేసుకుంటా."

అప్పుడే పై వాటాలోంచి నర్సు మెట్లు దిగుతోంది. ఆ పిల్ల అద్దెకొచ్చి వారమే అయింది. ప్యాకెట్ ఇంకా దగ్గరికి పెట్టకుండానే కర్చీఫ్‌తో ముక్కు మూసుకుంది.

"అబ్బా, పారబోసెయ్యండి మేడం. ఈ వీధి కంపు చాలదన్నట్టు ఇదొకటి."

"వీధి కంపేంటి?"

"తెల్లారగట్ల వస్తుంది కదండీ, కుళ్ళిన గుడ్ల కంపు. తల పగిలిపోతోంది. ఈ అక్కతో చెబితే, నీది మరీ సుకుమారం, సర్దుకుపోవాలి అంది."

టైలరమ్మ చేతిలోని గుడ్డని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"మొన్న మా ఇంట్లో స్టవ్ ఆరిపోయి గ్యాసంతా నిండింది మేడం," అంది చివరికి. "నేను అక్కడే కూర్చుని కుడుతున్నా. బయట్నుంచి వచ్చిన మా ఆయనకి తెలిసింది, నాకు తెలీలా. ఒళ్ళు మరిచి కూర్చున్నావా, పిల్లల్ని చంపేస్తావా అని చెయ్యెత్తాడు. నాకే మతిమరుపు వచ్చిందేమో అనుకున్నా."

"మా ఇంట్లో అన్నం మాడి బొగ్గయింది," అంది ఆటో డ్రైవర్ భార్య. "ఫోన్ చూస్తూ కూర్చుందని మా అత్త ఇప్పటికీ ఎత్తిపొడుస్తోంది. ఫోన్‌లో బ్యాలెన్సే లేదు, ఏం చూస్తాను?"

ఇద్దరూ నవ్వబోయి ఆగిపోయారు.

ఇవేవీ వాళ్ళు నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. తలనొప్పి ఉందా, దగ్గుందా, ఆయాసం ఉందా అని అడిగాను. ఈ మధ్య మిమ్మల్ని ఇంట్లో ఎవరైనా తిట్టారా అని ఏ ఆరోగ్య సర్వేలోనూ అడగరు. మగవాళ్ళు పొద్దున్నే పనికి పోయి, వేరే గాలి పీల్చుకుని రాత్రికి వస్తారు. వాళ్ళ ముక్కులు బాగానే ఉన్నాయి. రోజంతా ఆ గోడ పక్కన వండేవాళ్ళు, ఉతికేవాళ్ళు, కుట్టేవాళ్ళు ఒక్కొక్కరే వాసన పోగొట్టుకున్నారు. దాన్ని జబ్బని ఎవరూ అనలేదు. ఒకింట్లో మతిమరుపన్నారు, ఇంకో ఇంట్లో ఒళ్ళు బద్ధకమన్నారు, మా ఇంట్లో ధ్యాస లేదన్నారు. ఎవరికి పడిన తిట్టు వాళ్ళు మింగేసి, తప్పు తమదేననుకుని, రెండో రోజు నుంచి పొయ్యి దగ్గర ఇంకాస్త జాగ్రత్తగా నిలబడ్డారు. నేనైతే చదువుకున్నదాన్ని కాబట్టి, సర్టిఫికెట్ ఉన్నదాన్ని కాబట్టి, ఆ తప్పు కింద సంతకం కూడా చేశాను.

విచారణ హాలు వరండాలో డైరెక్టర్‌కి అంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"జలుబేమోనమ్మా."

"కాదు సార్."

"మీ ముక్కు పనిచెయ్యట్లేదని మీరే చెబితే మీ రీడింగులు చెత్తబుట్టలోకే. రేపు మిమ్మల్ని ఏ ప్రాజెక్టులో పెట్టుకుంటారు? ఆలోచించారా?"

"ఆలోచించాను సార్."

"ఇంట్లో పని ఒత్తిడి ఎక్కువైనట్టుంది. పాపం ఆడవాళ్ళకి రెండు వైపులా బరువే. నాకు తెలుసు. ఆ పేజీ చదివేసి, ఇంటికెళ్ళి రెస్ట్ తీసుకోండి."

రెస్ట్. ఆ మాట నాతో ఎవరైనా అని ఎంతకాలమైందో. అది ఇవ్వడానికి కూడా ఆయన ముందుగా నా దగ్గర్నుంచి ఒక అబద్ధం అడుగుతున్నారు.

నేను ధైర్యం చేశానని తర్వాత కొందరన్నారు. నాకు గుర్తున్నది ఒళ్ళంతా కూరుకుపోయిన అలసట. ఈ ముక్కు లేకపోతే నేను చెయ్యగలిగిన ఉద్యోగమేదో నాకు తెలియదు. ముక్కు తిరిగొస్తుందో లేదో కూడా తెలియదు. పాప తల వాసనని మాత్రం ఎవరో పూర్తిగా తుడిచేసినట్టుంది.

కుర్చీలన్నీ నిండాయి. వేదిక మీద అధికారులు, కంపెనీ మనుషులు. ముందు వరసలో టైలరమ్మ, ఆటో డ్రైవర్ భార్య. వాళ్ళ పక్కన, డ్యూటీ మానేసి వచ్చిన నర్సు. ఫోన్ మోగింది. మా ఆయన మెసేజ్: "వచ్చేటప్పుడు పాలు తీసుకురా. ఈసారైనా సరిగ్గా చూసి తీసుకో."

నా పేరు పిలిచారు.

మైకు దగ్గరికి వెళ్ళి రిపోర్టు తెరిచాను. "వాసన లేదు" అన్న పేజీ వచ్చింది. డైరెక్టర్ తల ఊపారు. నేను రిపోర్టు మూసేసి, బ్యాగులోంచి ప్యాకెట్ తీసి, రబ్బరు బ్యాండు విప్పి అధికారుల ముందు పెట్టాను. వేదిక మీదున్న మగవాళ్ళంతా ఒక్కసారి కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. దాని పక్కనే నిలబడ్డ నేను జరగలేదు.

పక్కన కూర్చుని విచారణ రాసుకుంటున్న గుమాస్తా పెన్ను ఆపి నా వైపు చూశాడు.

"రాసుకోండి," అన్నాను. "ఇవాళ పొద్దున మా ఇంట్లో పాలు విరిగాయి. మా ఆయన నన్ను తిట్టారు. ఆ తిట్టు దగ్గర్నుంచి రాసుకోండి."