సాగిన చక్రం

“అంత బలంగా లాగితే గుండ్రటి చక్రం కోడిగుడ్డులా అవదేటి నాన్నా? అది టేబుల్ గుడ్డ, రైలు సీటు కాదు!” పెరుగన్నం దాకా వచ్చినా మా ఆయన జయప్రకాష్ ఆ మాట వదల్లేదు.

“నాలుగు పక్కలా సమానంగానే లాగేన్రా,” అన్నారు మావయ్య మూడోసారి.

“అచ్ఛా! మరి దానంతటదే సాగిపోనాదేటి?” అని అత్తయ్య ఎత్తిపొడిచింది.

మా పేట తార్‌బహార్‌లో మేం నడిపే పూల్ ఆట క్లబ్బులో, బంతులాడే టేబుల్‌కు కొత్త గుడ్డ వేశాం. ముప్పై ఏళ్లు రైలు సీట్లకు రెక్సిన్ బిగించిన మావయ్యే దాన్ని బిగించారు. దాని మీద మా లోగో అయిన రైలు చక్రం బొమ్మను ఇస్త్రీతో అంటించింది నేను. స్కూలు యూనిఫారాలకు బొమ్మలు అంటించే అలవాటు నాకుంది.

గుడ్డ బిగించాకే అంటించమని మావయ్య ముందే చెప్పారు. కానీ ఆడుకునే కుర్రాళ్ల మధ్య టేబుల్ మీదికి వంగాలంటే సిగ్గేసి, ఇంట్లోనే అంటించి పంపాను. బిగించగానే గుడ్డతోపాటు చక్రం కూడా సాగిపోయింది. ఎందుకో మావయ్యకు తెలుసు. అయినా నా పేరెత్తలేదు.

“ఈ గుడ్డ తీసి ఇంకోటి వెయ్యడానికి రాయపూర్ నుంచి మనిషిని పిలుస్తాను. నువ్వింక టేబుల్ ముట్టుకోకు నాన్నా.”

కంచంలో మావయ్య చెయ్యి ఆగిపోయింది.

“తప్పు మావయ్యది కాదు, నాదే. బిగించకముందే అంటించేశాను,” అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. “కొత్త గుడ్డ మావయ్యే బిగిస్తారు. ఇస్త్రీపెట్టె పట్టుకుని నేనే క్లబ్బుకొస్తాను. ఆడుకునే కుర్రాళ్లందరూ ఉన్నప్పుడే అంటిస్తాను.”