ద కింద మ వత్తు

తేజేశ్వర్ అట్టపెట్టె విప్పి నల్లటి పలకలాంటి వస్తువును బల్ల మీద పెట్టాడు. దాని వీపున రకరకాల రంధ్రాలున్నాయి. కొన్ని గుండ్రంగా, కొన్ని వెడల్పుగా. నాగసుబ్బయ్య కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూశాడు.

“దీన్ని డాకింగ్ స్టేషన్ అంటారు మామా. ల్యాప్‌టాప్‌ను దీని మీద కూర్చోబెడితే తక్కినవన్నీ దీని వెనక తగిలించుకోవచ్చు.”

“స్టేషన్ అంటే మన కర్నూలు స్టేషన్ లెక్కనా?”

“అంతే మామా. బండొచ్చి నిలబడితే అందరూ ఎక్కేది.”

కల్లూరులోని ఈ డీటీపీ అంగడి పద్మప్రియది. ఆమె నాగసుబ్బయ్య కూతురు, తేజేశ్వర్ భార్య. పెండ్లి పత్రికలు, ప్రశ్నపత్రాలు, కరపత్రాలు ఇక్కడే కూర్చుని టైపు చేసేది. నాగసుబ్బయ్య బళ్ళో తెలుగు పండితుడు. బడి వదిలాక వచ్చి ఆమె కొట్టినవాటికి ప్రూఫులు చూసేవాడు. పోయిన ఏడాది జ్వరంతో ఆమె చనిపోయింది. అప్పటినుంచి అంగడి మూసే ఉంది.

ఇప్పుడు సంవత్సరీకం వస్తోంది. బంధువులకు కార్డులు పంపాలి. టౌనులో వేయిద్దామని తేజేశ్వర్ అన్నాడు. “దాని అంగడి ఉండంగా దాని కార్డు ఇంకొకరి దగ్గర వేయించేదా?” అన్నాడు నాగసుబ్బయ్య. తేజేశ్వర్ సరేనన్నాడు. తీరా తలుపు తీసి చూస్తే కంప్యూటరు డబ్బాలో చలనం లేదు. తెర, కీబోర్డు, ప్రింటరు మాత్రం బాగున్నాయి. దాంతో కడపలో తను పనిచేసే కంపెనీవాళ్ళిచ్చిన ల్యాప్‌టాప్ తెచ్చాడు. సాయంత్రం బస్సుకు మళ్ళీ కడపకు పోవాలి. ఆలోగా కార్డు కావాలి.

మొదటి చిక్కు తాళంతో వచ్చింది. పద్మప్రియ వాడిన తెలుగు అక్షరాల ప్రోగ్రామును సీడీ నుంచి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాడు గాని, దానికి అగ్గిపెట్టెంత తాళం ఒకటి ఉంది. ప్రింటరు తీగ కొసన దాన్ని తగిలించి యంత్రానికి కలిపితేగాని ప్రోగ్రాము తెరుచుకోదు. ల్యాప్‌టాప్‌కు అంత వెడల్పు రంధ్రమే లేదు. అందుకే ఈ స్టేషన్‌ను వెతికి పాత సామాన్ల అంగట్లో కొన్నాడు.

పక్క గదిలో బట్టలు కుట్టే భీమక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“ఏమి అయివారూ, శానా నాళ్ళకు తలుపు తీసినారే. ఏం చేస్తాండారు మామా అల్లుడూ?”

“తీగెల చిక్కు తీస్తాండాము భీమక్కా,” అన్నాడు తేజేశ్వర్.

“నా దారాలే మేలప్పా. రంగన్నా తెలుస్తాది. నీవన్నీ నల్లవే గదా, ఏది ఏదని తెలుసుకుంటావు?”

“మూతి చూసి తెలుసుకోవాల.”

“అట్లయితే మనుషుల మాదిరే,” అని నవ్వి ఆమె తన మిషను దగ్గరికి పోయింది.

తెర తీగ, ప్రింటరు తీగ, తాళం అన్నీ తగిలించి తేజేశ్వర్ స్విచ్చి వేశాడు. ల్యాప్‌టాప్ వెలిగింది గాని పెద్ద తెర నల్లగానే ఉండిపోయింది. అతను రెండు మీటలు కలిపి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మూడోసారికి తెర తెల్లబడింది. ప్రోగ్రాము తెరుచుకుంది.

“తాళం పట్టింది మామా.”

“ముందు పేరు కొట్టు,” అన్నాడు నాగసుబ్బయ్య.

తేజేశ్వర్ ఒక్కో అక్షరం వెతికి కొట్టాడు. ప వచ్చింది, ద వచ్చింది. మ వత్తుకు మీట లేదు. కొన్ని వత్తులకు ఆల్ట్ మీట పట్టుకుని అంకెలు కొట్టాలని ప్రోగ్రాములోని పట్టిక చెబుతోంది. పై వరుసలోని అంకెలు కొట్టాడు. ఏమీ రాలేదు. ఎన్నిసార్లు కొట్టినా తెర మీద పదప్రియ అనే ఉంది.

“ప్రియ అని పెడదాం మామా. అందరూ అట్లే పిలుస్తాండిరి.”

“అది పిలిచే పేరు.”

“పోనీ, ఇంగ్లీషులో?”

నాగసుబ్బయ్య తల అడ్డంగా ఊపాడు. తేజేశ్వర్ గడియారం వైపు చూసి కుర్చీ వెనక్కి జరిపాడు.

“ఒక పని చేద్దాం. మీ దస్తూరి బాగుంటాది. అచ్చు వేసినాక ద కింద మ వత్తు మీరే పెన్నుతో పెట్టేయండి. ఎవరికి తెలుస్తాది?”

“దినామూ పిల్లోళ్ళ తప్పులకు నేను చేసే పని అదే. దాని పేరు తప్పు కాదప్పా.”

పక్క గదిలో మిషను నడిచి ఆగింది. నాగసుబ్బయ్య తెర వైపు కాక బల్ల అంచు వైపు చూస్తున్నాడు. పద్మప్రియ టైపు చేస్తూ ఉన్నట్టుండి ఆగేది. కుడిచేయి అంచుకు పోయి, చూడకుండానే నాలుగు దెబ్బలు కొట్టి వచ్చేది. బిల్లు కూడుతోందేమో అనుకునేవాడు ఆయన.

“తేజేశ్వరా, అది కొట్టేది ఈడ కాదు. కుడిపక్క వేరే అంకెలు ఉండె.”

“ల్యాప్‌టాప్‌కు ఆ పక్కే లేదు మామా.” అంటూనే తేజేశ్వర్ మూలనున్న పాత కీబోర్డు వైపు తిరిగాడు. దాని తీగ మూతి గుండ్రంగా ఉంది. స్టేషన్ వెనక గుండ్రటి రంధ్రం ఖాళీగా ఉంది.

తగిలించాడు. పలకలేదు. అంతా ఆపి మళ్ళీ మొదలుపెట్టాలన్నాడు. నాగసుబ్బయ్య ఆ లోగా కీబోర్డు మీది దుమ్మును తువ్వాలుతో తుడిచాడు. అంకెల మీటల పైన చిన్న దీపం వెలిగింది. తేజేశ్వర్ ఆల్ట్ పట్టుకుని పట్టికలోని నాలుగంకెలు కొట్టాడు. ద కింద మ వత్తు వచ్చి కూర్చుంది.

“వచ్చింది,” అన్నాడు నాగసుబ్బయ్య. తెర మీద వేలు పెట్టి, “ప్రిలో రావత్తూ సరిగానే ఉండాది. ఇంక తక్కింది కొట్టు,” అన్నాడు.

తిథి, వారం, ఇంటి చిరునామా, పిలిచేవాళ్ళ పేర్లు వచ్చాయి. అంతా అయ్యాక తేజేశ్వర్ మళ్ళీ కార్డు మొదటికి పోయి, పద్మప్రియ పేరుకు ముందు ఆగాడు.

“ముందర అది పెట్టాల గదా మామా.”

“పెట్టాల.”

కీ. చుక్క. శే. చుక్క. వాటికి వత్తులు లేవు. పట్టిక చూడాల్సిన పని లేదు. వేలు తగలగానే వచ్చాయి.

నాగసుబ్బయ్య కుర్చీ ముందుకు లాక్కుని మొదటి నుంచి చదివాడు, ప్రతి అక్షరం కింద వేలు జరుపుతూ. ఒక్క తప్పయినా దొరికితే దిద్దించవచ్చు. ఇంకొంచెంసేపు పడుతుంది. దొరకలేదు. మళ్ళీ మొదటికి వచ్చి చదివాడు.

“మామా, వేసేదా?”

“వేయి నాయనా.”