ఓబుళేశు సారు

రంగనాథ్‌ను పెద్దగా తప్పుపట్టడానికి ఏమీ లేదు. కూరలో ఉప్పు చిటికెడు తక్కువైతే మొదటి ముద్దకే కనిపెడతాడు. ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో మాత్రం పెళ్లయినప్పటి నుంచీ కనుక్కోలేకపోయాడు. శివలీల దీనికి ఎప్పుడో అలవాటు పడిపోయింది. అలవాటు కానిది ఓబుళేశు సారు ఒక్కడే.

ఆ సారు పుట్టింది వాళ్ల ఇంటి ముందు గదిలో. బేతంచెర్లలో రంగనాథ్‌ది బండల పాలిష్ ఫ్యాక్టరీ. ఆఫీసు మాత్రం ఇంటి ముందు గదే. ఆ గదిలోని కంప్యూటర్లూ, ఫ్యాక్టరీలో కాటా దగ్గరిదీ, అన్నీ మూలనున్న సర్వరుకే కలుస్తాయి. పాలిష్ పొడి దూరి ఎప్పుడూ ఏదో ఒకటి ఆగిపోయేది. ఎవరు ఏ బిల్లు చెరిపేశారో తేలేది కాదు. కడపలో కంప్యూటర్ సైన్సు డిగ్రీ చదువుకున్న శివలీల, కుక్కరు విజిళ్ల మధ్య కూర్చుని, అన్నిటినీ ఒకే తెర మీద చూసుకునే సర్వర్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. ఒక్కో యంత్రానికి పేరు పెట్టింది. ఎవరు ఏది తెరవచ్చో కట్టడి చేసింది. అందరూ భోజనానికి లేచే వేళకు లెక్కల నకలు దానంతటదే వేరే డిస్కులో చేరేట్టు అమర్చింది. ఎక్కడ ఏది ఆగినా ఇక ఆమె ఫోను మోగుతుంది. తెర నిండా పచ్చ చుక్కలు వెలిగినప్పుడు ఆపుకోలేక భర్తను పిలిచింది.

"బాగుండాదిలే. చారు పొంగుతాండాది, చూడుపో" అన్నాడు.

ఇంకో ఫ్యాక్టరీ యజమాని కంబన్న వచ్చి ఆ తెర చూసి నోరు తెరిచాడు. "ఏమప్పా రంగనాథా, ఎవురు పెట్టినారు ఇదంతా?"

శివలీల కాఫీ గ్లాసులతో గుమ్మంలోనే ఉంది. రంగనాథ్ అటు చూడకుండా, "కడప నుంచి ఓబుళేశు సారని, శానా పెద్ద ఇంజనీరు" అన్నాడు. కంబన్న వెళ్లాక గొంతు తగ్గించాడు. "పెండ్లాం చేసిందంటే నలుగుర్లో నాకేం విలువుంటాది లీలా? సారు నంబరని నీదే ఇచ్చినా. ఆయన కాడ పనిచేసే అమ్మాయినని చెప్పు, అంతే."

అలా శివలీల తన దగ్గరే తాను గుమాస్తాగా చేరింది. కంబన్న తన గొంతు గుర్తుపడతాడేమోనని మొదట భయపడింది. అనవసరంగా. ఏళ్ల తరబడి ఆమె చేతి కాఫీ తాగిన మనిషి ఆమె గొంతు ఎన్నడూ విన్నట్టు లేదు. కంబన్న ఫోన్ చేస్తే "సారును అడిగి చెప్తానండీ" అని పెట్టేసి, పోపు వేసి, మళ్లీ తానే చేసి "ఆ పాత ఖాతా మూసేసి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమన్నారండీ" అనేది. అలా ఒకరిని చూసి ఒకరు ఊళ్లోని యజమానులంతా తమ సర్వర్లను ఫోన్లోనే సారుకు అప్పగించారు. దసరాకు సారుకని పంచెల చాపు వస్తే రంగనాథ్ కట్టుకున్నాడు. "సారుకేం తెలివప్పా!" అని అతను కూడా నలుగురిలో అంటుంటే ఆమెకు నవ్వొచ్చేది. పోనుపోను నవ్వు పోయి, ఆ సారంటే కుళ్లు మిగిలింది. ఆయన ఎవరికీ అన్నం వండి పెట్టలేదు. ఇంట్లో ఊరికే ఉంటావు కదా అని ఆయన్నెవరూ అనలేదు. ఆమె చదువుకు రావలసిన మర్యాదంతా, ఒళ్లే లేని మనిషి ఒంటికి అంటుకుపోయింది.

ఇంతలో యజమానుల సంఘం ఓర్వకల్లులో ఆఫీసు తెరుస్తూ, అందరి సర్వర్లూ అక్కడి నుంచే చూసుకోవడానికి సారును రమ్మంది. ఒక గది, కుర్చీ, తలుపు మీద పేరు. శివలీల బస్సులు ఏ వేళకున్నాయో కూడా కనుక్కుంది.

"నేను పోతా. ఈ ఒక్కసారికి నిజం చెప్పు" అని భర్తను అడిగింది.

"నన్ను నగుబాటు చేస్తావా? సారు దుబాయికి పోయినాడని చెప్పెయ్."

మర్నాడు కంబన్న ఫోన్ చేశాడు. శివలీల స్టవ్ కట్టేసింది. దుబాయి అనడానికి నోరు రాలేదు. "సారు చనిపోయినారండీ" అంది.

సాయంత్రానికల్లా కంబన్న, ఇంకో యజమాని తిమ్మన్నను వెంటబెట్టుకుని, సారుకు స్నేహితుడు కదా అని రంగనాథ్‌ను పరామర్శించడానికి వచ్చాడు. రంగనాథ్ బిత్తరపోయి కుర్చీ చూపించాడు.

"ఎంత ఓపికప్పా ఆయనకు! ఎన్నిసార్లు అడిగినా విసుక్కోలేదు. ఒక్కసారన్నా మొగం చూడకపోతిమే" అంటూ కంబన్న కండువాతో కళ్లొత్తుకున్నాడు.

శివలీల నవ్వాపుకుందామని పెదవి బిగించింది. వచ్చింది నవ్వు కాదు. గ్లాసుల పళ్లెం కింద పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని, గోడకు ఆనుకుని కూలబడింది. కొత్త కోడలుగా ఉన్నప్పుడు కర్నూలులో ఉద్యోగం వస్తే, "మన ఇంటి ఆడోళ్లు పోరు" అని అత్త ఒక్క మాటతో తేల్చేసిన నాడు మింగిన ఏడుపు, ఇప్పుడు దారి దొరికినట్టు పొర్లుకొచ్చింది.

"అమ్మకు కూడా సారు బాగా తెలుసునా?" అన్నాడు కంబన్న జాలిగా.

సొంత తండ్రి పోయిన నాడు కూడా ఆమె ఇంతగా ఏడవడం రంగనాథ్ చూడలేదు. లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

"సారు చావలేదు కంబన్నా. అట్లాంటి మనిషే లేడు. మీ సర్వర్లన్నీ నడిపింది ఈమెనే. నా పెండ్లాం చేసిందని చెప్పుకునేదానికి నామోషీ అయి, నేనే ఆయప్పను పుట్టించినా. ఆ ఓర్వకల్లు కుర్చీ ఈమెది. తప్పు నాదప్పా, శానా పెద్ద తప్పు చేసినా."