డ్రైవరు పక్క సీటు

లారీలవాళ్లందరికీ ఆమె వదినే. సొంత మరిది ఒక్కడే అయినా, అడ్డాలో మీసాలు నెరిసినవాళ్లు కూడా ఆమెను వదినా అనే పిలుస్తారు. ఆ హోదాను ఆమె ఏనాడూ వృథా పోనివ్వలేదు, అవసరమైతే అందరినీ కలిపి కడిగేస్తుంది. భర్తకు నడుం పట్టేసి స్టీరింగు వదిలేశాక, ఉన్న ఒక్క లారీ భారమూ ఆమె నెత్తిన పడింది. మరిది తోలుతాడు. లోడ్ల బేరాలు, టైర్లు, మరమ్మతులు ఆమె చూసుకుంటుంది.

ఇన్నేళ్లూ లారీ పెద్ద మేస్త్రీ షెడ్డుకే వెళ్లింది. అక్కడ కూర్చోడానికి కుర్చీ ఉండేది కాదు, చెప్పిన రోజుకు బండి చేతికొచ్చేదీ కాదు, ఆయన నోరు తెరిస్తే తిట్లే. అయినా లారీలవాళ్లు ఆ గుమ్మం వదల్లేదంటే ఆయనకున్న ఒక పద్ధతి వల్లే. బ్రేకుల పని పూర్తి కాగానే చేతులు గుడ్డకు తుడుచుకుని, ఎవరూ పిలవకుండానే డ్రైవరు పక్క సీట్లో ఎక్కి కూర్చునేవాడు. ఏటవాలు రోడ్డు మీద బండి జోరుగా దిగి, ఆగి, తిరిగొచ్చాకే టీ గ్లాసు ముట్టుకునేవాడు. చూపు మందగించి ఆయన షెడ్డు మూసేశాడు. వదినకు కొత్త షెడ్డు తప్పలేదు.

కొత్త షెడ్డుకేం, అద్దాల గది ఉంది, అందులో చల్లగాలి, కూర్చుంటే లేవబుద్ధి కాని సోఫాలు. మేనేజరు ఇస్త్రీ చొక్కా నలగకుండా నవ్వుతాడు. పని జరిగే చోటికి మాత్రం బండిగలవాళ్లు పోకూడదట. నేల మీద పసుప్పచ్చ గీత గీసి, దాని ఇవతలే ఆగమంటారు. పెళ్లికూతుర్ని చూపించనట్టు సొంత లారీని చూపించరేమిట్రా అని ఆమె మరిది దగ్గర విసుక్కుంది.

ఆ మధ్యాహ్నం మేనేజరు వచ్చి, బ్రేకులన్నీ కొత్తవి వేశామని, నిశ్చింతగా తీసుకెళ్లమని చెప్పాడు. మరిది అప్పటికే తాళం అందుకున్నాడు. వాడి తొందర వాడిది. కొండ మీది గని నుంచి రాయి దింపే పని ఏడాది పొడుగునా వాళ్లకే ఇస్తామని ఒప్పుకున్నారు. ఒకటే షరతు. ఇవాళ చీకటి పడేలోగా లారీ గని దగ్గర ఉండాలి. లేకపోతే ఆ పని వెనక కాచుకుని ఉన్న ఇంకో లారీకి పోతుంది. ఈ పని కోసం ఆమె ఎంతమంది గుమ్మాలు తొక్కిందో ఆమెకే తెలుసు.

"బ్రేకులు వేసినతన్ని ఒక్కసారి పిలు బాబూ," అంది వదిన. "మావాడి పక్కన కూర్చుని ఆ ఏటవాలు రోడ్డు దాకా వెళ్లొస్తాడు."

మేనేజరు నవ్వు చెదరనివ్వలేదు. తమ మనుషులు బయటివాళ్ల బండ్లెక్కడానికి రూల్సు ఒప్పుకోవన్నాడు. గీత అవతల నిలబడ్డ ఫిట్టరు ఆ మాట వింటూ రెంచీని చేతులు మార్చుకున్నాడు తప్ప తలెత్తలేదు. తలెత్తి ఉంటే వదిన బండి తీసుకుని పోయేదేమో. ఆ దించిన తల చూశాక ఆమెకు ఆ బ్రేకుల మీద నమ్మకం పోయింది.

ఆమె రాద్ధాంతం చెయ్యలేదు. లారీని బయటికి తియ్యమని మరిదికి చెప్పింది. గేటు మధ్యకు రాగానే ఆపించి, తాళం లాక్కుని, బంపరు ముందు బైఠాయించింది. లోపలి బండ్లు లోపల, బయటివి బయట. ఇక చూడాలి హారన్ల గోల, చెవుల్లో తుప్పు వదిలిపోయింది.

మేనేజరు రూల్సు మళ్లీ చదివాడు, క్రేను పిలిపిస్తానన్నాడు. పిలిపించు, నన్ను కూడా కలిపి లేపమను అంది వదిన. మిరపకాయ అని పేరుపడ్డ టిప్పరు యజమాని, తన బండి లోపలే చిక్కుకుపోయిందని కొట్లాటకే దిగొచ్చాడు. సంగతేమిటో విన్నాడు. అద్దాల గది వైపు ఒక చూపు చూసి, తిరిగి వెళ్లి తన ఇంజను ఆపేశాడు. అతన్ని చూసి ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. హారన్లు సద్దుమణిగాయి.

ఎండ వాలుతోంది. గని నుంచి ఫోను మీద ఫోను. మరిది ఆమె పక్కన గొంతుక్కూర్చుని బతిమాలాడు.

"పోనీలే వదినా. నేను నెమ్మదిగా దిగుతాలే."

"నువ్వు నెమ్మదిగానే దిగుతావురా. వెనకున్న రాళ్లు ఆగుతాయా? అక్కడ నీకేమన్నా అయితే ఇంటికెళ్లి మీ అన్నకు నేనేం చెప్పాలి?"

ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఏడాది తిండి చేతిలోంచి జారిపోతోంది, తనది మొండితనమేమో అన్న అనుమానం కూడా పీకుతోంది. ఆ బాధంతా కోపమై మేనేజరు మీదికి మళ్లింది. లేచి చీర దులుపుకుని ఎదురుగా వెళ్లింది.

"ఆ ఫిట్టరును వదిలెయ్. జీతగాడు, అతన్నేం అంటాం. పని అయిపోయింది, తీసుకెళ్లమన్నది నువ్వే కదా. నువ్వెక్కు."

చుట్టూ లారీలవాళ్లంతా చేతులు కట్టుకుని చూస్తున్నారు. కాదంటే పరువు పోతుంది. సరేనని రెండడుగులు వేశాడు. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టబోయి ఆగి, మెడ వెనక్కి తిప్పి, వీలైనంత చిన్న గొంతుతో ఫిట్టరుతో అన్నాడు.

"ఆ వెనక ఎడమ చక్రం... ఇంకోసారి విప్పి చూడు."

ఎంత చిన్నగా అన్నా అందరికీ వినపడింది. వదిన మరిది భుజం పట్టుకుని, వాడు అక్కడే ఉన్నాడో లేడోనన్నట్టు గట్టిగా నొక్కింది.

లారీని లోపలికి తీసుకెళ్లి చక్రం విప్పారు. ఫిట్టరు అప్పుడు నోరు విప్పాడు. ఆ ఒక్క చక్రం బ్రేకు డ్రమ్ము ఎంత కొట్టినా ఊడి రాలేదనీ, మేనేజరుగారే బయట్నుంచి బిగించి పంపెయ్యమన్నారనీ చెప్పాడు. లోపల బ్రేకు పట్టి ఆపే లైనింగు అరిగి రేకులా ఉంది. ఈసారి వదిన పసుప్పచ్చ గీత దాటి చక్రం పక్కనే నిలబడింది. ఆమె వెనకే అందరూ దాటారు. ఎవరూ ఆపలేదు.

పని పూర్తయ్యేసరికి వీధి దీపాలు వెలిగాయి. గనివాళ్లు చివరిసారి ఫోను చేసి, పని ఇంకో లారీకి ఇచ్చేశామన్నారు. "ఇచ్చుకోండి," అని వదిన ఫోను కొంగున ముడేసింది. "రేపు ఇంకో గుమ్మం తొక్కుతా. కాళ్లున్నాయి, మరిది ఉన్నాడు."

మేనేజరు ఎక్కాడు. మరిది కావాలనే జోరుగా దింపి, వాలు మధ్యలో ఒక్క తొక్కు తొక్కాడు. లారీ నిలబడిపోయింది. తిరిగొచ్చాక మేనేజరు డాష్‌బోర్డు వదిలి, చెమటకు వీపంతా అతుక్కుపోయిన చొక్కాతో, తడబడుతూ కిందికి దిగాడు.

దిగి, అద్దాల గది వైపు నడవబోయాడు. దారికడ్డంగా మిరపకాయ నిలబడి ఉన్నాడు, తన టిప్పరు పక్క సీటు తలుపు బార్లా తెరిచి పట్టుకుని.

"ఇవాళ మీరిచ్చిన బండే సార్. నాదీ బ్రేకుల పనే. రండి, ఎక్కండి."

అతని వెనక ఇంకో లారీ తలుపు తెరుచుకుంది.