నేల ఉసిరి సీసా

ఎల్లారెడ్డిలో చాంద్ బీ పెరట్లో, బోరు పక్కన తడికి నేల ఉసిరి దానంతటదే మొలుస్తుంది. కామెర్లు వచ్చినవాళ్లు ఆ ఆకు కోసమే ఆమె గడప తొక్కేవాళ్లు. పొద్దు పొడవకముందే పీకాలె, పీకేటప్పుడు మాట్లాడొద్దు, అమ్ముకుంటే గుణం పోతదని వాళ్లమ్మ చెప్పింది. చాంద్ బీ ఇంకొకటి కలిపింది: మూడు దినాలల్ల కండ్లు తెల్లబడకుంటే దవాఖానకు పోవాలె.

పోయిన వానాకాలం భూమయ్య, రాజమణి తమ బిడ్డ అనూహ్యను ఆటోలో తెచ్చారు. డిగ్రీ చదివే పిల్ల. కండ్లు పసుపు ముద్దలు. పిలిస్తే పలకడం లేదు.

"ఎన్ని దినాలైంది?"

"పది దినాలు, అవ్వా. నీ మందే తాపుతున్నం," అంటూ భూమయ్య సీసా తీశాడు.

దాని మీద చాంద్ బీ ఫోటో. కింద అచ్చును భూమయ్యే చదివాడు: 'దవాఖాన అక్కర లేదు'. చాంద్ బీ చిటికెడు పొడి నాలుక మీద వేసుకుంది. నేల ఉసిరి చేదే లేదు.

"ఇది నేనియ్యలే! ఏడ కొన్నరు?"

"కామారెడ్డిల. మీ తమ్ముని దుకాణంలనే గదా."

ముక్తార్! రంజాన్‌కు వచ్చి ఫోటో తీసుకుంటే, అక్క మీద ప్రేమనుకుంది.

"నీ మొకం చూసే కొన్నం," అంది రాజమణి. "నా బిడ్డకేమన్నయితే నిన్ను ఇడువ."

చాంద్ బీ అదే ఆటో ఎక్కి పిల్లను కామారెడ్డి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. లివర్ బాగా దెబ్బతిన్నదని, ఇంకొక్క రోజైతే చేతులెత్తేసేవాళ్లమని డాక్టర్ అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా ముక్తార్ దుకాణానికి పోయింది. అరలోని సీసాలు తీసి నడి రోడ్డు మీద పగలగొట్టసాగింది.

"ఆపా! మందిల ఇజ్జత్ తీయకు," ముక్తార్ చెయ్యి పట్టుకున్నాడు. "అండ్ల పానం తీసేదేం లేదు. ఉత్త గడ్డి పొడే!"

"ఆ ఉత్త గడ్డి పొడే పది దినాలు మింగిందిరా పిల్ల! దవాఖాన వద్దని రాయడానికి నీకు చెయ్యెట్ల వచ్చింది?"

చెయ్యి విడిపించుకుని పోలీస్ స్టేషన్‌కు నడిచింది. సొంత తమ్ముడి మీద కంప్లైంట్ రాయించి, వేలిముద్ర వేసింది.

దుకాణం మూతబడింది. అనూహ్య మూడు వారాలకు ఇల్లు చేరింది. రాజమణి మాత్రం సంతలో ఎదురైనా మొహం తిప్పుకునే పోతుంది. అప్పుడల్లా చాంద్ బీ కోపం మళ్లీ రాజుకుంటుంది, రాజమణి మీద కాదు.

మొన్న బక్రీద్‌కు ముక్తార్ భార్య జీనత్ అతను పంపిన మాంసం గిన్నెతో వచ్చింది.

"ఏడాది కావస్తుంది ఆపా. ఇంకెన్ని దినాలు?"

"లోపలికి రా, కూసో, చాయ్ తాగు," అంది చాంద్ బీ. "ఆ గిన్నె మాత్రం గడప బయటనే పెట్టు."