ఒక డిస్ట్రాయర్ మోసిన చివరి సరుకు

నేను ఒక డిస్ట్రాయర్‌ని. పెద్ద యుద్ధనౌకలకు కాపలాగా పరుగులు తీసే చిన్న యుద్ధనౌకను. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు, జర్మనీలోని ఒక రేవులో నన్ను కట్టారు. నీళ్లలోకి దించిన రోజు ఒక అమ్మగారు నా ముక్కు మీద సీసా పగలగొట్టి, ఎప్పుడో యుద్ధంలో పోయిన ఒక నావికుడి పేరు నాకు పెట్టింది. జనం చప్పట్లు కొట్టారు. చంపడానికి పుట్టినదానికి కూడా నామకరణం చేసి మురిసిపోవడం మనుషులకే చెల్లింది.

నా కెప్టెన్ ఎగ్బర్ట్ ట్రెస్కె. డెక్ మీద పనులన్నీ చూసే సరంగు డెట్లెఫ్ కార్‌స్టెన్స్, కెప్టెన్ కంటే వయసులో పెద్దవాడు. రోజూ పొద్దున్నే ఇద్దరూ నా వెనుక భాగంలో నిలబడి ఒకే ఫ్లాస్కులోని కాఫీ పంచుకునేవారు. ఆ కాసేపు హోదాలు గుర్తుండేవి కావు.

యుద్ధం వచ్చిన తొలి చలికాలం, ఒక మధ్యాహ్నం, నా ముందు వెళుతున్న నౌక సముద్రంలోని మందుపాతర తగిలి రెండు ముక్కలైంది. అదీ నేనూ ఒకే రేవులో పుట్టాం. నూనె తేలుతున్న నీళ్లలో మనుషులు కేకలు వేస్తున్నారు. ట్రెస్కె నన్ను వాళ్ల మధ్యే ఆపించాడు. కార్‌స్టెన్స్ నా పక్కనుంచి తాళ్ల వల దించాడు. చలికి వేళ్లు వంగక, పళ్లతో తాడు కరిచి పట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

అంతలో పైనుంచి కాపలావాడు అరిచాడు. “కుడివైపు పెరిస్కోపు. జలాంతర్గామి వస్తోంది.”

“ఇంజన్లు పూర్తి వేగం,” అన్నాడు ట్రెస్కె.

“సార్, వల మీద మనుషులున్నారు. కాస్త ఆగండి,” అన్నాడు కార్‌స్టెన్స్.

“ఆగితే మనమూ వాళ్లతోపాటే మునుగుతాం. వల వదిలెయ్.”

“నావల్ల కాదు సార్.”

ట్రెస్కె ముఖం తిప్పుకున్నాడు. నా ప్రొపెల్లర్లు తిరిగాయి. నీళ్లను లాగాయి, నీళ్లతోపాటు వాళ్లనూ లాగాయి. ఇనుముకు ఏమీ తెలియదంటారు. తగిలిన ప్రతి దెబ్బా నాకు తెలిసింది.

కొంచెం దూరం పోయాక ఆ పెరిస్కోపు మా పక్కనుంచే తేలుతూ వెళ్లింది. అది మునిగిన నౌక తాలూకు జెండా కర్ర. నీళ్లలో నిలువుగా నిలబడి ఊగుతోంది. అందరూ చూశారు. నన్ను వెనక్కి తిప్పారు గానీ, చేరేసరికి పిలిస్తే పలికేవాళ్లు మిగల్లేదు.

మర్నాడు ట్రెస్కె ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. కార్‌స్టెన్స్ కప్పు చాపలేదు.

“తప్పు నాదే అనుకుంటున్నావా?”

“మీ చోట నేనున్నా అదే చెప్పేవాణ్ణేమో సార్. అందుకే తాగబుద్ధి కావడం లేదు.”

ఆ తర్వాత పని మాటలు తప్ప వాళ్ల మధ్య వేరే మాటల్లేవు. ఎన్నో తీరాల మీద గుండ్లు కురిపించాను, ఎన్నో ఊళ్లు పొగలో కనిపించకుండా పోయాయి. యుద్ధం చివరి ఏడాదిలో శత్రు విమానం వేసిన బాంబుకి ట్రెస్కె పోయాడు. అతన్ని కాన్వాసులో చుట్టి కుట్టింది కార్‌స్టెన్సే. సముద్రంలోకి జారవిడిచాక టోపీ తీసి, అలల తుంపరకి జుట్టు తడిసిపోయేదాకా అలాగే నిలబడ్డాడు.

జర్మనీ ఓడిపోయాక గెలిచినవాళ్లు నన్ను చూసి పెదవి విరిచారు. బాగుచేయడం దండగ అన్నారు. విషవాయువు నింపిన గుండ్లు గుట్టలుగా మిగిలిపోయి, నేల మీద ఎక్కడ పెట్టాలో తోచక, వాటిని నాలో నింపించారు. వాటిని మోసిన యుద్ధఖైదీల్లో కార్‌స్టెన్స్ ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు.

“ఇవి అడుగుకు పోయాక ఏమవుతాయి?” అని పక్కవాడు అడిగాడు.

“ఏమవుతాయి? ఉంటాయి,” అన్నాడతను.

నన్ను లోతైన చోటికి ఈడ్చుకెళ్లి ముంచారు. ఇక్కడ వెలుతురు లేదు. ఉప్పు నా రేకులను తినేస్తోంది, గుండ్ల తొడుగులనూ తినేస్తోంది. వాటి లోపల ఉన్నదానికి యుద్ధం అయిపోయిందని ఎవరూ చెప్పలేదు.