తొమ్మిదో విడత

ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను అరగంటపాటు మూత తీయకుండా బల్లమీద ఉంచాలి. చల్లగా ఉండగానే తెరిస్తే గాలిలోని తేమ లోపలి పూసలమీద వాలుతుంది. ఆ ప్రయోగశాలలో అందరికీ కంఠతా వచ్చిన నియమం అది. కెమిస్టుకైతే ఇంట్లో కూడా వినిపించేది, ఎందుకంటే నియమం పెట్టింది ఆయన భార్యే.

ఆవగింజంత పూసలకు ఎంజైమును అంటించిందీ ఆవిడే. గోరువెచ్చని సోయా నూనెలో వేసి తిప్పితే, తవుడునుంచి తీసిన ఒక పదార్థాన్ని అవి నూనెకు ముడివేస్తాయి. అలా ముడిపడ్డ నూనె ఎండలోని చెడు కిరణాలను తాను మింగి చర్మాన్ని కాస్తుంది. తేమ తగిలిందా, ఆ ఎంజైమే కత్తెరై నూనెను ముక్కలు చేస్తుంది.

"ఇవే పూసలను కడిగి ఆరబెట్టుకుంటే తొమ్మిది విడతలు వస్తాయి," అనేది ఆవిడ.

"ఐదుకే చేతులెత్తేస్తాయి చెల్లెమ్మా! తొమ్మిదొస్తే మీసం తీసేస్తా," అనేవాడు పక్కబల్ల తూకాలాయన.

ఎనిమిదో విడత చక్కగా వచ్చింది. ఆ వారమే ఆవిడ ఆసుపత్రిలో చేరింది. మళ్లీ రాలేదు.

ఆమె మాట నిలబెట్టడానికి ఇక మిగిలింది ఆ ఒక్క సీసా, ఒక్క విడత.

కెమిస్టు సీసాను బల్లమీద పెట్టాడు. ఇన్నేళ్లూ ఆ అరగంట వాళ్లిద్దరిదీ. చెరో స్టూలు, చెరో టీ గ్లాసు. టీ నీళ్లలా ఉందని ఆయన గొణిగేవాడు, రేపట్నుంచి మీరే పెట్టండని ఆవిడ దెప్పేది. ఇప్పుడు ఎదురు స్టూలు ఖాళీ. ఏడు నిమిషాలు ఓర్చుకున్నాడు. ఎనిమిదో నిమిషాన, ఏదో ఒక పనిలో పడితే చాలనిపించి, మూత తిప్పేశాడు.

మర్నాడు పరీక్ష. ఆ విడత నూనెలో రంగు సూచిక కలిపి, క్షారం బొట్టుబొట్టుగా వదిలాడు. మంచి నూనె రెండు మూడు బొట్లకే గులాబీ రంగు తిరుగుతుంది; ముక్కలైన నూనెలో ఆమ్లం పుట్టి ఆ బొట్లను తినేస్తుంది. పది పడ్డాయి, ఇరవై పడ్డాయి. నలభైకి కూడా రంగు రాలేదు. అడుగున పూసలు ముద్దకట్టి చిట్లిపోయాయి.

"తేమ చేరినట్టుంది బావా," అన్నాడు తూకాలాయన మెల్లగా.

"ఎనిమిది నిమిషాలకే తెరిచాను."

"నువ్వా?"

"కూర్చోలేకపోయానయ్యా."

తూకాలాయన లాగ్‌బుక్ తన వైపు లాక్కుని రాశాడు: 'తొమ్మిదో విడత తేమవల్ల చెడింది. పూసల తప్పు కాదు.'

"తొమ్మిదీ వచ్చేవని రాయొచ్చుగా?"

"తేలనిది తేలిందని రాస్తే చెల్లెమ్మ ఊరుకుంటుందా?"

కెమిస్టు పెన్ను అందుకుని కింద చేర్చాడు: 'తొందరపడి తెరిచింది నేను.'

తర్వాతి వారం బయటనుంచి కొన్న పూసలు వచ్చాయి. కెమిస్టు కొత్త సీసాను బల్లమీద పెట్టి గడియారం చూస్తుండగా, తూకాలాయన రెండు టీ గ్లాసులతో వచ్చి, ఎదురు స్టూలు కాస్త పక్కకు లాక్కుని కూర్చున్నాడు. పైపెదవి నున్నగా ఉంది.

"మీసమేదయ్యా?"

"తేలని పందెం కదా. ఆవిడే గెలిచిందనుకుంటే పోయేదేముంది బావా, ఈ నాలుగు వెంట్రుకలేగా!"

కెమిస్టు ఒక గుక్క తాగాడు. టీ నీళ్లలా ఉంది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

సీసా తెరవడానికి ఇంకా ఇరవై రెండు నిమిషాలుంది.